శాంటా ఫే బండిబాట

అమెరికాలోని మిస్సోరి నది ఒడ్డు నుంచి నైరుతి దిక్కుగా, అప్పట్లో మెక్సికో దేశంలో ఉన్న శాంటా ఫే పట్నం దాకా సాగిన సుమారు 900 మైళ్ల వర్తకపు దారి శాంటా ఫే ట్రెయిల్. 1821లో మొదలైన ఈ దారి 1880లో రైలు రాకతో మూతపడింది. అది నడిచింది అరవై ఏళ్లలోపే. దాన్ని గుర్తుపెట్టుకునే పని మాత్రం నూట ఇరవై ఏళ్లు దాటినా ఇంకా సాగుతోంది. రాళ్లు పాతడం, విగ్రహాలు నిలబెట్టడం, జాతరలు చేయడం, బండ్లు తోలి చూపించడం, సదస్సులు జరపడం వంటి ఆ ప్రయత్నాలకూ ఇప్పుడు ఒక చరిత్ర ఏర్పడింది. ఏ తరం ఎవరిని తలచుకుంది, ఎవరిని వదిలేసింది అన్నది అందులో తెలిసిపోతుంది.

స్పెయిన్ ఏలుబడిలో న్యూమెక్సికోలోకి పరాయి వర్తకులను రానిచ్చేవారు కాదు. 1812లో సరుకుతో వెళ్లిన రాబర్ట్ మెక్‌నైట్ బృందం ఏళ్ల తరబడి చెరలో మగ్గింది. 1821లో మెక్సికో స్వతంత్రమయ్యాక ఆ కట్టడి పోయింది. అప్పుల్లో కూరుకుపోయిన విలియం బెక్‌నెల్ అనే మిస్సోరి మనిషి ఆ సెప్టెంబరులో కొద్దిమందిని వెంటబెట్టుకుని, జంతువుల వీపున సరుకు వేసుకుని బయల్దేరి నవంబరు 16న శాంటా ఫే చేరాడు. తెచ్చిన సరుకంతా అమ్ముకుని వెండితో తిరిగొచ్చాడు. మరుసటి ఏడు మూడు బండ్లు తోలుకెళ్లాడు. పుస్తకాలు అతన్ని ఈ దారికి తండ్రి అంటాయి. నిజానికి దారిలో చాలా భాగం అంతకు ముందే స్థానిక జాతుల వాళ్లు నడిచిందే. పైగా 1792లోనే పేద్రో వియాల్ శాంటా ఫే నుంచి సెయింట్ లూయిస్‌కు ప్రయాణమయ్యాడు. బెక్‌నెల్ కనిపెట్టింది దారిని కాదు, గిరాకీని.

తూర్పు నుంచి నూలు బట్టలు, సూదులు, అద్దాలు, కత్తులు, పనిముట్లు వెళ్లేవి. అటు నుంచి వెండి నాణేలు, కంచరగాడిదలు, ఉన్ని, బొచ్చుతోళ్లు వచ్చేవి. ఈ దారిలో స్వయంగా వ్యాపారం చేసి 1844లో పుస్తకం రాసిన జోసయ్య గ్రెగ్ లెక్క ప్రకారం 1822లో 15,000 డాలర్ల సరుకు వెళితే, 1843 నాటికి అది 4,50,000 డాలర్లకు చేరింది. అందులో చాలా భాగం శాంటా ఫేలో ఆగకుండా ఇంకా దక్షిణాన చీవావా దాకా పోయేది. 1839 ప్రాంతంలో న్యూమెక్సికో గవర్నరు మాన్యుయెల్ అర్మీహో బండి చిన్నదైనా పెద్దదైనా 500 డాలర్ల సుంకం విధించాడు. దాంతో వర్తకులు పది, పన్నెండు కంచరగాడిదలు లాగే పెద్ద పెద్ద బండ్లకు మారి, బరువెక్కువ విలువ తక్కువ సరుకును మానేశారు. సుంకాల వాళ్లకూ వర్తకులకూ మధ్య ఈ ఎత్తు పైఎత్తులు ఏ దేశంలోనైనా మామూలే.

బండ్లు లాగడానికి కంచరగాడిదలే కాక ఎడ్లు కూడా ఎక్కువగా వాడేవారు. ఎడ్లు నెమ్మదిగా నడిచినా చవక, గడ్డి మేసి బతుకుతాయి. తోలేవాడు బండి ఎక్కడు. ఎడ్లకు ఎడమ పక్కన నడుస్తూ, పగ్గాలు లేకుండా కేకలతో, కొరడా చప్పుడుతో నడిపిస్తాడు. చీలిన గిట్ట కాబట్టి ఒక్కో కాలికి రెండు ముక్కల లాడం కొట్టాలి. రోజుకు పన్నెండు, పదిహేను మైళ్ల చొప్పున ప్రయాణం రెండు నెలలకు పైగా పట్టేది. మిస్సోరిలోని ఇండిపెండెన్స్ ఊళ్లో ఈ బండ్లను, కాడులను తయారుచేసిన పేరున్న పనివాళ్లలో హైరమ్ యంగ్ ఒకడు. బానిసగా పుట్టి, డబ్బు కూడబెట్టి తన స్వేచ్ఛను తానే కొనుక్కున్న నల్లజాతి మనిషి. అతని కొట్టం నుంచి ఏటా వందల బండ్లు, వేల కాడులు బయటికొచ్చేవి.

కాన్సస్ పశ్చిమాన దారి రెండుగా చీలేది. ఆర్కాన్సా నది వెంట వెళ్లి రతోన్ కనుమ ఎక్కేది కొండదారి. రెండోదైన సిమరాన్ దారి దగ్గరిది, కానీ మధ్యలో ఇంచుమించు అరవై మైళ్లు నీటిచుక్క దొరకదు. కొండదారిలో 1833లో బెంట్ సోదరులు, సెరాన్ సెయింట్ వ్రేన్ కలిసి మట్టి ఇటుకలతో కట్టిన బెంట్స్ ఫోర్ట్ షయాన్, అరాపహో జాతులతో అడవిదున్న (బైసన్) తోళ్ల వ్యాపారానికి కేంద్రమైంది.

ఇది వలస దారి కాదు. ఒరెగాన్ దారిలో కుటుంబాలు పిల్లాజెల్లాతో శాశ్వతంగా వెళ్లిపోయేవి. ఇక్కడ వర్తకులు వెళ్లి తిరిగొచ్చేవారు. 1840ల నాటికి ఈ వర్తకంలో మెక్సికన్ వ్యాపారుల వాటా కూడా పెద్దదే. 1846 ఆగస్టులో అమెరికా జనరల్ కెర్నీ సైన్యం ఇదే దారిన వెళ్లి శాంటా ఫేను పట్టుకున్నాక అది సైనిక సరఫరా మార్గంగానూ మారింది. న్యూమెక్సికోలో 1851లో ఫోర్ట్ యూనియన్, కాన్సస్‌లో 1859లో ఫోర్ట్ లార్నెడ్ వెలిశాయి. 1880 ఫిబ్రవరిలో శాంటా ఫేకు రైలు చేరడంతో బండ్ల పని అయిపోయింది.

దారిని మరిచిపోకూడదన్న తలంపు మొదట 'డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్' అనే మహిళా సంఘానికి వచ్చింది. 1902లో ఆ సంఘం కాన్సస్ శాఖలో మొదలైన ప్రతిపాదనకు 1905లో రాష్ట్ర శాసనసభ వెయ్యి డాలర్లు ఇచ్చింది. చాలనిదాన్ని పిల్లలు పూడ్చారు. 1906 జనవరి 29న, కాన్సస్ రాష్ట్ర అవతరణ దినాన, బడుల్లో 'ట్రెయిల్ డే' జరిపి విద్యార్థుల దగ్గర పైసా పైసా పోగుచేశారు. ఇలా నిలిచిన గ్రానైట్ రాళ్లు పొలం గట్ల మీద, బడుల ముందు, కోర్టు ఆవరణల్లో ఇప్పటికీ ఉన్నాయి. కాన్సస్ రాళ్ల మీద చెక్కిన కాలం 1822 నుంచి 1872. మొదటి బండ్లు వెళ్లిన ఏడు ఒకటి, రైలు పట్టాలు కాన్సస్ పశ్చిమ సరిహద్దు దాటిన ఏడు ఇంకొకటి. శాంటా ఫేలో అడిగితే ఆ రెండు అంకెలనూ ఒప్పుకోరు.

అదే సంఘం 1928, 1929లలో మోటారు రోడ్ల ప్రచార సంఘంతో కలిసి పన్నెండు రాష్ట్రాల్లో పన్నెండు 'మడోన్నా ఆఫ్ ది ట్రెయిల్' విగ్రహాలు నిలబెట్టింది. ఆ రోడ్ల సంఘం అధ్యక్షుడు తర్వాతి కాలంలో దేశాధ్యక్షుడైన హ్యారీ ట్రూమన్. చంకన బిడ్డ, చేత తుపాకి, పావడా పట్టుకుని వేలాడే మరో పిల్లవాడు: ఇదీ ఆ తల్లి రూపం. కాన్సస్‌లోని కౌన్సిల్ గ్రోవ్‌లో 1928 సెప్టెంబరులో ఆవిష్కరించిన విగ్రహం శిల్పంగా బాగుంటుంది, చరిత్రగా మాత్రం అతకదు. ఈ దారిన అలా బిడ్డలతో కాపురానికి వెళ్లిన తల్లులు తక్కువ. 1846లో వర్తకుడైన భర్తతో ప్రయాణించి డైరీ రాసిన సుసాన్ మెగాఫిన్ లాంటివాళ్లు అరుదు కాబట్టే ఆమె పేరు ఇంతగా వినిపిస్తుంది. విగ్రహం పెట్టినవాళ్లకు కావలసింది వర్తకుడు కాదు, వలస వెళ్లిన పూర్వీకురాలు.

రాళ్లూ విగ్రహాలూ నిలిచినా అసలు దారి చెరిగిపోతూనే వచ్చింది. దారి అంటే ఇక్కడ కట్టడం కాదు. వేల బండ్లు తొక్కి తొక్కి నేల కుంగిన గాడి. బండ్లు ఒకదాని వెనక ఒకటి కాక తరచు నాలుగు వరసల్లో సాగేవి. కుంగిన చోట వాన నీరు పారి పల్లం ఇంకా వెడల్పయింది. నాగలి పడని పచ్చిక నేలలోనే అది మిగిలింది. ఒక్కసారి దున్నితే మళ్లీ రాదు. మిట్టమధ్యాహ్నం చూస్తే బయలే తప్ప ఏమీ ఆనదు. పొద్దు వాలినప్పుడు ఏటవాలు వెలుగులో నీడ పడితేనో, పల్లంలో మంచు నిలిస్తేనో పక్కపక్కనే సాగే చాళ్లు బయటపడతాయి. ఫోర్ట్ లార్నెడ్ వారికి కోటకు కొన్ని మైళ్ల దూరాన గాడి కోసమే కాపాడే 44 ఎకరాల పచ్చిక ఉంది. కాన్సస్ నైరుతి మూలన సిమరాన్ జాతీయ పచ్చికబయలులో 23 మైళ్ల దారి ప్రభుత్వ భూమిలో ఉంది. మిగతాది చాలావరకు రైతుల పొలాల్లో, పశువుల బీళ్లలోనే.

అందుకే 1980ల నాటికి కృషి రాళ్ల నుంచి మనుషుల వైపు మళ్లింది. 1986 సెప్టెంబరులో కొలరాడోలోని ట్రినిడాడ్‌లో చరిత్రకారులు, ఉపాధ్యాయులు, రైతులు సదస్సు జరిపి ఒక సంఘం పెట్టుకున్నారు. అదే ఇప్పటి శాంటా ఫే ట్రెయిల్ అసోసియేషన్. న్యూమెక్సికో చరిత్రకారుడు మార్క్ సిమన్స్ దాని తొలి అధ్యక్షుడు. 'వాగన్ ట్రాక్స్' అనే పత్రిక కూడా ఆ ఏడే మొదలైంది. 1987 మే 8న ఈ దారికి జాతీయ చారిత్రక మార్గంగా చట్టబద్ధమైన గుర్తింపు వచ్చింది. భూమి యజమాని ఒప్పుకోకుండా కేంద్రం సెంటు నేల కూడా తీసుకోరాదని అదే చట్టం కట్టడి చేసింది. కాబట్టి గాడిని దున్నకుండా ఉంచడం రైతు ఇష్టం మీద ఆధారపడింది. ఆ ఇష్టాన్ని పెంచడమే ఈ సభల, జాతరల అసలు పని. ఒప్పుకున్న రైతు జాతీయ ఉద్యానవనాల శాఖతో స్వచ్ఛందంగా ఒప్పందం రాసుకుంటాడు, భూమి మాత్రం అతనిదే.

సంఘం రెండేళ్లకోసారి దారి పొడవునా ఏదో ఒక ఊళ్లో సదస్సు జరుపుతుంది. మధ్య ఏళ్లలో లార్నెడ్‌లో రెండెవూ అనే సమావేశం ఉంటుంది. పగలు ప్రసంగాలు, ఆపైన బస్సుల్లో గాడి చూడ్డానికి ప్రయాణాలు. కంచె గేటు తీసి దారి చూపించే రైతే ఆ పూట గురువు. స్థానిక శాఖల కార్యకర్తలు జీపీఎస్‌తో గాడిని కొలిచి పటాల్లో ఎక్కిస్తారు, బోర్డులు పాతుతారు. ఫోర్ట్ లార్నెడ్‌లో అక్టోబరులో ఒక రాత్రి కొవ్వొత్తుల వెలుగులో కోటంతా తిప్పి చూపిస్తారు. నాటి సైనికుల, కమ్మరుల వేషాల్లో స్వచ్ఛంద కార్యకర్తలు ఆనాటి ఘట్టాలు నటిస్తారు. 1976లో పాత కొలతల ఆధారంగా మళ్లీ కట్టిన బెంట్స్ ఫోర్ట్‌లో తోళ్లను కట్టలు కట్టే ఒత్తుడు యంత్రం, కమ్మరి కొలిమి చూడొచ్చు. మట్టి గోడలు కాబట్టి ఎప్పటికప్పుడు మరమ్మతు తప్పదు. మిస్సోరిలోని ఇండిపెండెన్స్ ఊరు సెప్టెంబరు మొదట్లో శాంటా ఫే, కాలిఫోర్నియా, ఒరెగాన్ దారులు మూడింటికీ కలిపి 'శాంటా-కాలి-గాన్ డేస్' చేస్తుంది. అందులో అంగళ్లు, పాటలు, తినుబండారాలే ఎక్కువ, చరిత్ర కొసరు. దారి ద్విశతాబ్ది సదస్సు 2021 సెప్టెంబరులో బెంట్స్ ఫోర్ట్‌కు దగ్గరి లా హుంటాలో జరిగింది.

జ్ఞాపకం ఎలా మారిందో చూడాలంటే మళ్లీ కౌన్సిల్ గ్రోవ్‌కే రావాలి. 1825 ఆగస్టు 10న ఇక్కడి ఓక్ చెట్ల నీడలో జార్జ్ సిబ్లీ తదితర కమిషనర్లు ఒసేజ్ జాతి పెద్దలతో సంధి చేసుకుని, వందల్లో లెక్కపెట్టగల డాలర్లకూ సరుకులకూ దారి హక్కు రాయించుకున్నారు. కొద్ది రోజులకే కా జాతితోనూ అలాంటి సంధే కుదిరింది. ఆ సమావేశపు ఓక్ చెట్టు 1958లో గాలివానకు కూలింది. మొద్దుకు కప్పు వేసి ఊరు కాపాడుకుంటోంది. 1846 సంధితో ఆ ప్రాంతానికి వచ్చిన కా జాతి 1873లో ఇప్పటి ఓక్లహోమాకు తరలాల్సి వచ్చింది. ఊరు ఏటా జూన్‌లో 'వషుంగా డేస్' జరుపుకుంటుంది; ఆ పేరు కా జాతి నాయకుడిదే. మనుషులను పంపేసి పేరును ఉంచుకోవడం అమెరికా ఊళ్లలో చాలాచోట్ల కనిపించే వింత. అయితే 2000 ప్రాంతంలో కా జాతి ప్రభుత్వమే ఊరి దగ్గర దాదాపు 168 ఎకరాలు కొని, తమను నడిపించిన నాయకుడు అలెగవాహో పేరిట ఉద్యానవనం చేసింది.

కా జాతి పవిత్రంగా భావించే దాదాపు 28 టన్నుల ఎర్రటి బండరాయి ఒకటి కాన్సస్ నదీ తీరాన ఉండేది. 1929లో లారెన్స్ నగరవాసులు దాన్ని తరలించి, నగరానికి తొలుత వచ్చిన తెల్లవారి పేర్ల ఫలకం బిగించి పార్కులో నిలబెట్టారు. కౌన్సిల్ గ్రోవ్‌లో మడోన్నా నిలిచిన మరుసటి ఏడే ఇది జరిగింది. రెండింటి వెనుకా ఉన్నది ఒకే ఆలోచన. 2021లో నగర పాలకవర్గం క్షమాపణ చెప్పి రాయిని తిరిగి ఇస్తామంది. 2023లో ఫలకం ఊడదీసి రాయిని అక్కడి నుంచి కదిలించారు. 2024లో అది అలెగవాహో ఉద్యానవనంలో కొలువుతీరింది.

కాన్సస్ సిటీ శివార్లలోని ఓవర్లాండ్ పార్క్, ఒలేత ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ దారి ఇంటి దాపునే ఉంది. ఒలేతలో 1860ల నాటి మహాఫీ గుర్రపు బండ్ల మజిలీలో నేటికీ గుర్రపు బండి ఎక్కించి తిప్పుతారు. అక్కడి నుంచి పడమరకు వెళ్లి అసలు గాడి చూడాలనుకునేవారు మూడు మాటలు గుర్తుంచుకోవాలి. నేల చాలాచోట్ల రైతుది, కాబట్టి అడిగి వెళ్లాలి. గేటు ఎలా ఉంటే అలాగే వదిలి రావాలి. పచ్చికలో పాత లాడం ముక్క కంటబడితే చూసి ఆనందించి, ఉన్నచోటే ఉంచాలి.