తుప్పుపట్టిన వీల్ నట్టు విప్పడం ఎలా

పోయిన ఫిబ్రవరిలో పదో తరగతి పరీక్షల మూడో రోజు. సముద్రం పక్క ఊళ్ల నుంచి మన పిల్లల్ని బరంపురంలోని పరీక్ష కేంద్రానికి తీసుకొస్తున్న వ్యాను గోపాల్‌పూర్ రోడ్డులో పంక్చరైంది. టైరు మార్చడం మహా అయితే ఇరవై నిమిషాల పని. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, పానా ఉంది. మూడు నట్లు వచ్చాయి, నాలుగోది రాలేదు. డ్రైవరు కంగారుపడి పానా మీదికి ఎక్కి గెంతాడు. పానా జారింది. నట్టు మూలలు అరిగి గుండ్రంగా తయారైంది, అతని మోకాలు చీరుకుపోయింది. కబురందుకుని నేను మోటారు సైకిల్ మీద వెళ్లేసరికి ఏడుగురు పిల్లలు హాల్ టికెట్లు చేత్తో పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. ఆటోలు ఆపి ఎక్కించాం. గంట కొట్టడానికి పది నిమిషాల ముందు చేరారు.

మన తల్లిదండ్రుల్లో వ్యాన్లు, టాక్సీలు నడిపేవారు చాలామంది ఉన్నారు. పదో తరగతి తర్వాత మోటారు పని నేర్చుకోవడానికి వెళ్లే పిల్లలూ ఉన్నారు. అందుకే ఈ విషయం కాస్త వివరంగా రాస్తున్నాను. ఆ రోజు తర్వాత మెకానిక్కుల దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నదీ, పాఠం చెప్పేవాడిగా నాకు తెలిసినదీ రెండూ ఇందులో ఉన్నాయి.

నట్టు ఎందుకు పట్టేస్తుంది

ఇనుముకు నీరు, గాలిలోని ఆక్సిజన్ తగిలితే తుప్పు వస్తుందని ఎనిమిదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. దానితో పాటు గుర్తుంచుకోవలసిన సంగతి ఇంకొకటుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్టు మరకూ స్టడ్డు మరకూ మధ్య సందు వెంట్రుకంత ఉంటుంది. ఆ సందులో తుప్పు ఉబ్బితే మేకు దిగ్గొట్టినట్టే. ఉప్పుగాలి తగిలే చోట ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది. మన వైపు చేపల బుట్టలు మోసే బళ్ల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

రెండో కారణం మన చేతులారా తెచ్చుకునేది. టైర్ల షాపుల్లో గాలి గన్‌తో నట్టును గిర్రున బిగించేస్తారు. ఎంత బిగిసిందో చూసేవారు తక్కువ. మా వ్యానుకు జరిగిందీ ఇదే. అంతకు ముందు వర్షాకాలంలో ఒకచోట టైరు మార్పించి గన్‌తో బిగించారు, తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. మూడోది తప్పు సైజు పానా. 19 మిల్లీమీటర్ల నట్టుకు 21 పానా పెడితే పట్టినట్టే ఉంటుంది, కానీ బలమంతా మూలల మీదే పడి వాటిని కోసేస్తుంది.

విప్పే ముందు

బండిని రోడ్డు దిగువకు, గట్టి నేల మీదికి తీసుకురండి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, విప్పని చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. పిల్లల్ని దింపి బండికి దూరంగా, రోడ్డుకు అవతలి వైపు కాకుండా పొలం వైపు నిలబెట్టండి. జాతీయ రహదారి 16 మీద లారీల వేగం మీకు తెలియంది కాదు.

నట్లను చక్రం నేల మీద ఉండగానే వదులు చేయాలి. జాకీ ఎత్తాక బలం పెడితే చక్రం తిరుగుతుంది, లేదంటే బండి జాకీ మీంచి జారుతుంది. జాకీ మీదున్న బండి కిందికి చెయ్యి గాని, తల గాని పెట్టకండి. ఈ ఒక్క మాటా డ్రైవర్లకు నేను ఎన్నిసార్లయినా చెబుతాను.

కార్ల నట్లు దాదాపు అన్నీ ఎడమకు, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పితే విడతాయి. పాత లారీల్లో ఎడమ వైపు చక్రాలకు ఎదురు మర ఉన్నవి ఉన్నాయి, వాటితో జాగ్రత్త. పోలో లాంటి కార్లలో నట్టుకు బదులు బోల్టు వస్తుంది. విప్పే పద్ధతిలో తేడా లేదు గాని స్టడ్డు అనేది ఉండదు.

నూనె, ఓపిక, పొడుగు కాడ

ముందు వైరు బ్రష్‌తో స్టడ్డు కొస మీద మట్టి, తుప్పు గోకేయండి. తుప్పు వదిలించే స్ప్రే నట్టు అంచుల్లో కొట్టండి. అది పలచన కాబట్టి సందులోకి దిగుతుంది. అది లేకపోతే కిరోసిన్‌గాని, డీజిల్‌గాని కొంత పనిచేస్తుంది. కొందరు కూల్‌డ్రింకు పోస్తారు. అందులో కాస్త ఆమ్లం ఉన్నమాట నిజమే గాని, రోడ్డు మీద మనకున్న సమయానికి అది జిగురు మిగల్చడం తప్ప చేసేది తక్కువ. ఏది పోసినా బ్రేకు డిస్కు మీదికి కారనివ్వకండి. తర్వాత సుత్తితో నట్టు తల మీద నాలుగు దెబ్బలు, మరీ గట్టిగా కాకుండా కొట్టి, పదిహేను ఇరవై నిమిషాలు ఆగండి. ఈ ఆగడమే ఎవరికీ చేతకాదు.

ఇప్పుడు పానా పెట్టండి. ఆరు పలకల సాకెట్ అయితే మంచిది, పన్నెండు పలకలది తుప్పు నట్టు మీద త్వరగా జారుతుంది. సాకెట్ అడుగంటా దిగిందో లేదో చూడండి. కాడ మీకు ఎడమ వైపు అడ్డంగా ఉండేలా అమర్చితే కిందికి నొక్కడమే విప్పడం అవుతుంది. పైకి లాగడం కన్నా నొక్కడం నడుముకు మేలు. అయినా రాకపోతే ఒకసారి రవ్వంత బిగించే వైపు తిప్పి, మళ్లీ విప్పే వైపు తిప్పండి. తుప్పు పెళుసు కాబట్టి అటూ ఇటూ కదిపితే చిట్లుతుంది. ‘టక్’మని శబ్దం వచ్చిందంటే వదిలినట్టే.

ఇక్కడ తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఒక లెక్క చూడాలి. తిప్పే శక్తి అంటే బలాన్ని కాడ పొడవుతో గుణించడం. 60 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల పానా కొసన నిలబడితే 60 × 9.8 × 0.3, అంటే సుమారు 176 న్యూటన్ మీటర్లు. అదే కాడకు పైపు తొడిగి మీటరు పొడవు చేస్తే, ఆ 176కు 18 కిలోల నొక్కుడు చాలు. పైపు వల్ల లాభం ఇదే: ఎక్కి గెంతకుండా, రెండు కాళ్లూ నేల మీద ఉంచి, మెల్లగా నొక్కవచ్చు. గెంతినప్పుడు బలం ఒక్కసారిగా పడి సాకెట్ వంకర తిరుగుతుంది, అప్పుడే మూలలు పోతాయి. అలాగని మీటరు పైపు మీద 60 కిలోల మనిషి పూర్తి బరువు వేస్తే 588 న్యూటన్ మీటర్లు. చిన్న కారు నట్టు బిగించవలసింది సాధారణంగా 85 నుంచి 110 మధ్య. స్టడ్డు విరగడానికి ఆ 588 ఎక్కువే. నట్టు కాస్త కదిలి రబ్బరులా మెత్తగా సాగుతున్నట్టు అనిపిస్తే ఆపేయండి, మెలి తిరుగుతున్నది స్టడ్డు.

మూలలు అరిగిపోతే

దీనికి ఒక మోటు పద్ధతి, ఒక మంచి పద్ధతి ఉన్నాయి. మోటు పద్ధతిలో ఒక సైజు తక్కువ ఉన్న పన్నెండు పలకల పాత సాకెట్‌ను సుత్తితో కొట్టి నట్టు మీదికి దిగేసి, కాడ వేసి తిప్పుతారు. సాకెట్ పాడవుతుంది, నట్టూ పాడవుతుంది, పని మాత్రం చాలాసార్లు అవుతుంది. మంచి పద్ధతిలో అరిగిన నట్లు విప్పే ప్రత్యేక సాకెట్ వాడతారు. దాని లోపల ఎదురు వాటంలో మెలికల గాట్లు ఉంటాయి. తిప్పేకొద్దీ నట్టులోకి కొరుక్కుపోతుంది.

రెండూ కుదరకపోతే మెకానిక్కులు ఉలితో నట్టు పక్కన గాటు పెట్టి, ఉలిని ఏటవాలుగా ఆనించి విప్పే వైపు కొడతారు. అలాయ్ చక్రాల్లో నట్టు లోతు గుంతలో ఉంటుంది, అక్కడ ఉలి ఆడదు, చక్రం గీసుకుపోతుంది. ఉలి పట్టేవారు కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఇనుప రవ్వ కంట్లో పడితే పరీక్షలే కాదు, చాలా పోతాయి. స్టడ్డు కూడా నట్టుతో పాటు తిరుగుతుంటే ఇక రోడ్డు మీద చేసేదేమీ లేదు, షాపుకే.

వేడి చేస్తే నట్టు వ్యాకోచించి వదులవుతుందన్నది నిజమే, మన భౌతికశాస్త్రం పుస్తకంలో ఉన్నదే. కానీ గాలి నిండిన టైరు చక్రానికి ఉండగా గ్యాసు మంట పెట్టడం ప్రాణాల మీదికి తెస్తుంది. లోపలి గాలి వేడెక్కుతుంది, రబ్బరు కాలి ఆవిర్లు పుడతాయి, టైరు బాంబులా పేలవచ్చు. నూనె కొట్టిన చోట మంట సంగతి సరేసరి. ఎంత అనుభవమున్న మెకానిక్ అన్నా ఒప్పుకోకండి.

నట్లన్నీ వచ్చాక చక్రం హబ్బుకు అంటుకుపోయి రాకపోవడం కూడా ఉంది. అప్పుడు రెండు నట్లు నాలుగు చుట్లు మాత్రం ఎక్కించి వదిలేసి, టైరు పక్కల అరికాలితో తన్నండి. నట్లు ఉంటాయి కాబట్టి చక్రం మీద పడదు.

తిరిగి బిగించేటప్పుడు

పాడైన నట్టును ‘ఈ పూటకి’ అని మళ్లీ ఎక్కించవద్దు. కొత్త నట్టు ఖరీదు పిల్లల నోటు పుస్తకాల కన్నా ఎక్కువ కాదు. స్టడ్డు మర తిన్నదీ లేనిదీ చూడండి, కొత్త నట్టు వేళ్లతోనే చివరిదాకా ఎక్కాలి. నాలుగు నట్ల చక్రానికి ఒకటి లేకుండా పిల్లల్ని ఎక్కించుకుని తిరగడం నేను ఒప్పుకోను, మా వ్యానైనా, మీ ఆటో వ్యానైనా. మిగతా మూడింటి మీద భారం పడి అవీ వదులవుతాయి.

నట్టు కోసు వైపు చక్రంలోకి ఉండాలి. మరలకు గ్రీజు రాయడం మన వైపు అలవాటు. కంపెనీ చెప్పిన బిగింపు లెక్క సాధారణంగా పొడి మరలకు. నూనె ఉంటే అదే లెక్కకు నట్టు మరీ ఎక్కువ బిగుస్తుంది. బ్రష్‌తో శుభ్రం చేస్తే చాలు. ఎదురెదురు నట్లు జంటగా, కొద్దికొద్దిగా బిగిస్తూ రండి. జాకీ దించాక చివరి బిగింపు. షాపులో టార్క్ రెంచి ఉంటే దానితో బిగించమని అడగండి, లేకపోతే చేతి పానాతో మన ఎదుటే ఒకసారి విప్పి బిగించమనండి. చేతి పానాకు రానిది రేపు రోడ్డు మీద మనకూ రాదు. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగింపు చూసుకోవాలి.

బడి వ్యాన్లకు ఇప్పుడు ఆర్నెల్లకోసారి, అంటే వర్షాలకు ముందొకసారి, జనవరిలో పరీక్షలకు ముందొకసారి, నట్లన్నీ విప్పి శుభ్రం చేసి బిగిస్తున్నాం. డ్రైవరు సీటు కింద ఆరు పలకల సాకెట్, మీటరు పైపు, వైరు బ్రష్, స్ప్రే డబ్బా ఉంటాయి. సొంత బళ్లలో పిల్లల్ని తెచ్చే తల్లిదండ్రులు ఆ సామాను ఎప్పుడైనా అడిగి తీసుకోవచ్చు. సాయంత్రానికి తిరిగి ఆఫీసులో ఇచ్చేయండి.