దస్తావేజులందు పక్షకారుల, ఆస్తుల నిర్దేశము

దస్తావేజును వ్రాసియిచ్చువారెవరో, వ్రాయించుకొనువారెవరో, వారి నడుమ చేతులు మారుచున్న ఆస్తి యేదియో సందేహమునకు తావులేకుండ వర్ణించుటను పక్షకారుల, ఆస్తుల నిర్దేశమందురు. క్రయవిక్రయములు, తనఖాలు, దానములు, కౌళ్లు, భాగపరిష్కారములు మున్నగు సమస్త పత్రములకును ఇదియే పునాది. పత్రము వ్రాయునాడు ఉభయపక్షములవారికిని నేల యేదో, మనుష్యులెవరో తెలిసియే యుండుటచే వర్ణనయందు వారికి శ్రద్ధ తక్కువగుట సహజము. కాని దానిని అక్షరమక్షరముగా చదువబోవువారు ముప్పది నలువది యేండ్ల పిమ్మట వచ్చు వారసులును, అప్పిచ్చు బ్యాంకుల న్యాయవాదులును, వ్యాజ్యమును విచారించు న్యాయమూర్తులును.

తెలుగుదేశమున ఈ యాచారము ప్రాచీనమైనది. తూర్పు చాళుక్యుల తామ్రశాసనములందు ప్రతిగ్రహీత గోత్రమును, వేదశాఖను, తండ్రితాతల పేరులను చెప్పి, దత్తమైన గ్రామమునకు ఏ దిక్కున ఏది ఎల్లయో వరుసగా పేర్కొనుట పరిపాటి. నేటి దస్తావేజులలోని చెక్కుబందీ, అనగా నాలుగు దిక్కుల హద్దుల వర్ణన, ఆ సంప్రదాయమునకు చెందినదే.

ఆధునిక న్యాయమునకు మూలసూత్రము 1872వ సంవత్సరపు భారత ఒప్పందముల చట్టము 29వ సెక్షనులో నున్నది. అర్థము నిశ్చితము కానిదియు, నిశ్చితము చేయుటకు వీలులేనిదియు నగు ఒడంబడిక చెల్లదు. వంద టన్నుల నూనె అమ్ముదునని యొకడు ఒప్పుకొని, అది ఏ నూనెయో తెలియుటకు పత్రమున ఏ యాధారమును లేకున్నచో అది వ్యర్థము. కాని యతడు కొబ్బరినూనె మాత్రమే అమ్ము వర్తకుడైనచో, అతని వ్యాపారమే ఆ లోపమును పూరించునని ఆ చట్టమే ఉదాహరించుచున్నది. అదే సంవత్సరమున వెలువడిన సాక్ష్య చట్టము ఈ విచారమును మఱింత సూక్ష్మముగా సాగించినది. ఒక గుఱ్ఱమును వేయి రూపాయలకో పదునైదు వందలకో అమ్ముదునని వ్రాసినచో, ఆ రెండింటిలో ఏది ఉద్దేశించిరో చెప్పుటకు సాక్షులను పిలువరాదు; లోపము పత్రము మొగముననే కనబడుచున్నది గనుక పక్షకారులు చెప్పని మాటను న్యాయస్థానము చెప్పదు. నా తెల్లగుఱ్ఱమును అమ్ముదునని వ్రాసి, అతనికి తెల్లగుఱ్ఱములు రెండున్నచో, సాక్ష్యమునకు తావు కలదు. ఇచట పత్రము స్పష్టముగానే యున్నది, అది సూచించు వస్తువే రెండుగా కనబడినది. కలకత్తాలోని నా యిల్లు అని వ్రాసినవానికి అచట ఇల్లు లేక హౌరాలో మాత్రముండి, పత్రము వ్రాసిననాటినుండి ఆ హౌరా యింటినే కొనినవాడు అనుభవించుచున్నచో, అదియే యుద్దేశింపబడినదని నిరూపింపవచ్చును. 2024 జూలై 1 నుండి ఆ చట్టము స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము అమలునకు వచ్చినను ఈ సూత్రములు అట్లే నిలిచియున్నవి.

వ్యక్తులను గుర్తించు విధము 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టమున వివరింపబడినది. వ్యక్తి నివాసము, వృత్తి, హోదా, తండ్రి పేరు తెలుపవలయును. తల్లి పేరుతోనే వ్యవహారమున ప్రసిద్ధుడైనవానికి తల్లి పేరే చెప్పవలయునని ఆ చట్టము నిర్వచించుట గమనింపదగినది. తెలుగువారి యిండ్లలో తండ్రి పేరునకు గల ప్రాముఖ్యము నిర్వచనముకంటె గొప్పది. తాత పేరును మనుమలకు పెట్టుట మన వాడుక గనుక, అన్నదమ్ముల కుమారులు ఒకే యింటిపేరుతో, ఒకే పేరుతో, ఒకే యూరిలో నుండుట అరుదు కాదు. వారిని వేఱుపరచునది తండ్రి పేరొక్కటియే. స్త్రీల విషయమున చిక్కు వేఱొక విధమైనది. కన్యగా నున్నప్పుడు పుట్టింటి పేరుతో ఆస్తిని పొందిన యామె, వివాహానంతరము అత్తవారి యింటిపేరుతో దానిని అమ్మునప్పుడు, తండ్రి పేరును భర్త పేరును రెండును వ్రాయనిచో, ఇరువురు స్త్రీలున్నట్లు కాగితములు భ్రమగొల్పును. 2001వ సంవత్సరపు సవరణచే స్థిరాస్తి బదిలీలలో అమ్మువారి, కొనువారి ఛాయాచిత్రములును వ్రేలిముద్రలును తప్పనిసరియైనవి. ఇందుచే వేఱొకనిని నిలిపి వ్రాయించు మోసము కష్టతరమైనదేగాని, ఎదుట నిలిచినవానికి ఆ యాస్తిపై హక్కున్నదా యను ప్రశ్నకు ఛాయాచిత్రము సమాధానమీయదు.

పేరుతోపాటు ఏ హైసియతులో సంతకము చేయుచున్నాడో చెప్పుటయు నిర్దేశములోని భాగమే. మైనరు చేసిన ఒప్పందము మొదటినుండియు చెల్లదని ప్రీవీ కౌన్సిలు 1903లో తీర్పుచెప్పినది గనుక, మైనరు పక్షమున సంరక్షకుడు వ్రాయునప్పుడు ఆ సంగతియు, అవసరమైనచోట న్యాయస్థానపు అనుమతియు పత్రమున కనబడవలయును. భాగస్వామ్య సంస్థకు భాగస్వాములకంటె వేఱైన వ్యక్తిత్వము లేదు, కంపెనీకి కలదు. గ్రామములందు దేవాలయ భూములు స్వామివారి పేరనే యుండును. న్యాయదృష్టియందు దేవుడు ఆస్తి గల వ్యక్తియే యగును గాని, ఆయన పక్షమున వ్యవహరించు ధర్మకర్తకో, కార్యనిర్వహణాధికారికో సొంత హక్కు లేదు. కౌలుపత్రమున వారిని యజమానులుగా వ్రాయుట పెక్కు వివాదములకు దారితీసినది.

ఇక స్థిరాస్తి. రిజిస్ట్రేషను చట్టము 21వ సెక్షను ప్రకారము, గుర్తించుటకు చాలినంత వర్ణన లేని పత్రమును రిజిస్ట్రేషనుకు స్వీకరింపరాదు. పట్టణములోని యిల్లు ఏ వీధికి ఏ ప్రక్కన నున్నదో, దాని సంఖ్య యేమో తెలుపవలయును. తక్కిన భూములకు విస్తీర్ణము, ఆనుకొనియున్న బాటలు, పొరుగు ఆస్తులు, వీలైనంతవరకు ప్రభుత్వపు సర్వే పటము ఆధారములు. మన దస్తావేజుల చివర షెడ్యూలు అను శీర్షిక క్రింద జిల్లా, మండలము, గ్రామము, సర్వే నెంబరు, సబ్‌డివిజను, విస్తీర్ణము, చెక్కుబందీ వరుసగా వచ్చుట ఈ నియమముననుసరించియే. ఆంధ్రమున ఎకరమును నూఱు సెంట్లుగను, తెలంగాణమున నలువది గుంటలుగను లెక్కించుదురు; అందుచే గుంట నూటయిరువదియొక చదరపు గజములు, సెంటు నలువదియెనిమిదిన్నరకు కొంచెము తక్కువ. అంకణమువంటి కొలతలు ఊరినిబట్టి మారును గావున, వాని ప్రక్కన చదరపు గజములను కూడ వ్రాయుట మేలు.

విస్తీర్ణమునకును హద్దులకును పొత్తు కుదరనప్పుడు, హద్దులు స్పష్టములై నిశ్చలములైనచో సామాన్యముగా వానికే ప్రాధాన్యము. సర్వే సంఖ్యయే తప్పిపోయిన సందర్భమును సుప్రీంకోర్టు 1961లో పరిశీలించినది. 160 అని యుండవలసిన ప్లాటు సంఖ్య 1060 అని పడెను. పత్రమున చెప్పిన ఖాతాలో 1060 అను ప్లాటే లేదు. హద్దులు మాత్రము సరిపోయినవి. తప్పుడు సంఖ్య ఆస్తి గుర్తింపును చెఱుపదని న్యాయస్థానము నిర్ణయించినది.

అయినను మన దస్తావేజులలోని దౌర్బల్యము ఈ హద్దులలోనే దాగియున్నది. తూర్పున ఫలానావారి భూమి, పడమర ఫలానావారి దొడ్డి అని వ్రాయుదురు. ఆ ఫలానావారు చనిపోవుదురు, అమ్ముకొందురు, వారి భూమి మూడు ముక్కలగును. అయినను దస్తావేజు లేఖకుడు పాత లింకు దస్తావేజులోని, అనగా అదే ఆస్తికి చెందిన పూర్వపు పత్రములోని, పేరులనే కొత్తదానిలోనికి దింపుచుండును. ఈ విధముగా చచ్చినవారు మూడు తరములు పొరుగువారై నిలిచియుందురు. డొంక, కాలువ, చెరువుకట్ట, సర్వే రాయి మున్నగు కదలని హద్దు దొరకినచోట దానిని వదలి మనిషి పేరును వ్రాయుట తెలివితక్కువ. పేరు తప్పనిసరియైనచో, ఆ పొరుగు భూమి సర్వే సంఖ్యను జోడించినయెడల దోషము చాలవఱకు తొలగును. ఆంధ్రప్రదేశమున 2020లో ఆరంభమైన రీసర్వేలో భూఖండములకు కొత్త సంఖ్యలు వచ్చినవి గనుక, పాత సంఖ్యయు కొత్త సంఖ్యయు రెండును పేర్కొనుట ఇప్పుడు అవసరము.

చరాస్తులందు ఇంత వివాదము లేదు. మోటారు వాహనమునకు ఇంజను సంఖ్యయు చాసిస్ సంఖ్యయు, బంగారమునకు తూకమును నాణ్యమును చాలును.

లేని ఆస్తిని ఉన్నట్లు వర్ణించుట వేఱొక జాతి దోషము. రిజిస్ట్రేషను కార్యాలయమునకు అధికారము కల్పించుటకై, కలకత్తా నగరమున లేనే లేని యొక యింటిని తనఖాపత్రమున చేర్చిన వ్యాజ్యమున, 1914లో ప్రీవీ కౌన్సిలు ఆ రిజిస్ట్రేషనును చెల్లనిదిగా తీర్పుచేసినది. సద్భావముతో జరిగిన పొరపాటునకు ఇంత శిక్ష లేదు. ఉభయులును కలసి సవరణ దస్తావేజును వ్రాసికొనవచ్చును. ఒకరు నిరాకరించినచో, పరస్పర పొరపాటు గాని మోసము గాని జరిగినదని నిరూపించి, 1963వ సంవత్సరపు నిర్దిష్ట పరిహార చట్టము 26వ సెక్షను క్రింద న్యాయస్థానముచే పత్రమును దిద్దించుకొనవచ్చును. అయితే ఈలోగా సద్భావముతో వెలయిచ్చి హక్కు పొందిన మూడవవానికి హాని కలుగునంతవఱకు ఆ సవరణ లభింపదు.