తలరాత అనే సస్పెన్స్ ఖాతా

రక్షణశాఖ లెక్కల విభాగంలో పనిచేసిన రోజుల్లో, ఏ పద్దు కిందికి వస్తుందో తేలని మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో వేసేవాళ్ళం. అది జవాబు కాదు, జవాబు వెతకాలన్న గుర్తు మాత్రమే. మన సమాజం రోడ్డు చావుల్ని వేసే సస్పెన్స్ ఖాతా పేరు తలరాత. దాన్ని మళ్ళీ తెరిచి చూసేవాడే ఉండడు.

రిటైరయ్యాక ఇక్కడ భుయ్యాడీహ్‌లో పొద్దున్నే మెల్లగా పరుగెత్తడం మొదలుపెట్టాను. ఒకరోజు వెనకనుంచి వచ్చిన లారీ అద్దం నా మోచేతిని రాసుకుంటూ పోయింది. "గండం గడిచింది బాబూ, దిష్టి తీయించుకో" అన్నాడు పక్కింటి పెద్దాయన. ఆ లారీ వెనక దిష్టికి కట్టిన పాత చెప్పు ఊగుతూనే ఉంది!

మా జార్ఖండ్‌లోనే, 2021 జులై 28 ఉదయం, ధన్‌బాద్‌లో జడ్జి ఉత్తమ్ ఆనంద్ రోడ్డు పక్కన జాగింగ్ చేస్తుండగా వెనకనుంచి ఆటో గుద్ది చనిపోయారు. మొదట అందరూ ప్రమాదమే అనుకున్నారు. ఖాళీ రోడ్డు మీద ఆటో పక్కకి తిరిగి ఆయన వైపే రావడం సీసీ కెమెరా చూపించింది. సరిగ్గా ఏడాదికి, 2022 జులై 28న, సీబీఐ ప్రత్యేక కోర్టు ఇద్దరిని హత్యానేరం కింద దోషులుగా తేల్చింది. కెమెరా లేకపోతే ఆ చావు ఏ ఖాతాలో ఉండేదో ఆలోచించండి.

"ప్రమాదం" అన్న తీర్పుకీ ఒక చరిత్ర ఉంది. 1865 నాటి బ్రిటిష్ చట్టం ప్రకారం యంత్రబండి ఊళ్ళో గంటకి 2 మైళ్ళు మించకూడదు, దాని ముందు ఒక మనిషి ఎర్రజెండాతో నడవాలి. అంటే జాగ్రత్త బాధ్యత బండిది. 1896 ఆగస్టు 17న లండన్‌లో బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే మహిళ మోటారుకారు కింద పడి చనిపోతే, విచారణ జ్యూరీ ప్రమాదవశాత్తు మరణం అని తేల్చింది. అదే ఏడాది నవంబరులో కొత్త చట్టం వేగం పెంచింది. అమెరికాలో నడిచేవాడికి "జేవాకర్" అని పేరు పెట్టారు. అంటే రోడ్డు మీద నడవడం రాని పల్లెటూరి బైతు అని. 1925లో లాస్ ఏంజిలిస్ పాదచారులకే నిబంధనలు విధించింది. అరవై ఏళ్ళలో బాధ్యత బండినుంచి మనిషికి బదిలీ అయిపోయింది. దేవుడి ప్రమేయం ఎక్కడా లేదు, అన్నీ మనుషులు రాసిన పద్దులే.

మన దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే, వారిలో 32,825 మంది పాదచారులు. రోజుకి సుమారు 90 మంది. ఇందరికీ ఒకేరకంగా రాసే తలరాత ఉంటుందా?

కారణం లెక్కకి అందేదే. 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి, డ్రైవరు తేరుకునే ఒక్క సెకనులోనే దాదాపు 17 మీటర్లు దూసుకొస్తుంది. 30 నుంచి 50కి వేగం పెరిగితే గుద్దే శక్తి రెండున్నర రెట్లు దాటుతుంది. అందుకే నేను కుడిపక్కకి మారాను, ఎదురొచ్చే బండి నాకు కనబడుతుంది. అయితే అంతటితో సరిపెట్టుకుంటే నేనూ జేవాకర్ వాదాన్ని ఒప్పుకున్నట్టే. కాలిబాట, వేగపరిమితి, వెలుతురు, ఇవి మునిసిపాలిటీని, పోలీసుల్ని అడగాల్సిన పద్దులు. స్వీడన్ పార్లమెంటు 1997లో, రోడ్డు మీద ఎవరూ చావని స్థితినే లక్ష్యంగా పెట్టుకుంది. చావు తప్పనిదని అనుకునేవాళ్ళు అలాంటి తీర్మానం చేయలేరు.

పక్కింటి పెద్దాయన నా మాట నమ్మలేదు. కానీ మొన్న ఉదయం చూశాను, ఆయనా కుడిపక్కనే నడుస్తున్నాడు.