క్యాన్సర్ నిర్ధారణ – దాపరికం, పోరాటం, దుఃఖం: చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

తెలుగు కుటుంబాలలో క్యాన్సర్ నిర్ధారణ అయినప్పుడు ఆ సంగతి మొదట తెలిసేది చాలా సందర్భాలలో రోగికి కాదు. కొడుకో, అల్లుడో, తమ్ముడో వైద్యుని గదిలోకి వెళతారు. రోగి బయట బల్లమీద కూర్చుని ఉంటాడు. ఆ తరువాత ఇంట్లో 'గడ్డ', 'పుండు', 'పెద్ద జబ్బు' వంటి మాటలతోనే వ్యవహారమంతా నడుస్తుంది. ఈ దాపరికాన్ని సమర్థించేవారు, విమర్శించేవారు ఒక విషయంలో మాత్రం ఏకీభవిస్తారు. ఇది మన సంస్కృతి లక్షణమనీ, రోగికి నేరుగా చెప్పడం పాశ్చాత్యుల పద్ధతి అనీ ఇరువురి నమ్మకం. ఈ నమ్మకానికి చరిత్రలో ఉన్న ఆధారం చాలా స్వల్పం. రోగి ఏమి తెలుసుకోవాలి, తెలిశాక ఎలా దుఃఖించాలి అనే ప్రశ్నలకు సమాధానాలు ఒకే దేశంలో, ఒకే తరం కాలంలో తలకిందులైన సందర్భం ఉంది. ఆ మార్పును, దాని నీడలో తెలుగువారి అనుభవాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్రాచీన వైద్యంలో మౌనం

వ్యాధి పాతదే. సుశ్రుతుడు గ్రంథులను, అర్బుదాలను వేరుచేసి వర్ణించాడు. గ్రీకు వైద్యులు పీత అనే అర్థం గల పదంతో దీనిని వ్యవహరించారు. సంస్కృతంలోని కర్కటానికి, నేటి 'క్యాన్సర్'కు అర్థంలో ఉన్న చుట్టరికం అక్కడిది. తెలుగులో 'రాచపుండు' అన్నారు. మానని వ్రణానికి 'రాచ' విశేషణం తగిలించడంలో గౌరవం కన్న భయమే ఎక్కువ.

రోగితో ఏమి చెప్పాలన్న విషయంలో చరకసంహిత స్పష్టంగా ఉంది. మరణ సూచకాలైన అరిష్ట లక్షణాలను వివరించే ఇంద్రియస్థానం చివర, మరణం సమీపించిందని వైద్యుడు గ్రహించినా తనను అడగనిదే చెప్పరాదని, అడిగినప్పటికీ ఆ మాట రోగికి గాని మరొకరికి గాని హాని కలిగించేటట్లయితే చెప్పరాదని విధించింది. దీనిని చూపి 'మన సంప్రదాయం' అనడం సులభం. కాని హిప్పోక్రటీసు పేర చెలామణి అయిన గ్రీకు రచనలలోనూ రోగి భవిష్యత్తును అతనికి తెలియనీయవద్దన్న ఉపదేశమే ఉంది. 1847లో అమెరికన్ వైద్య సంఘం రూపొందించిన నీతి నియమావళి కూడ నిరాశాజనకమైన జోస్యాలు పలకవద్దని, ప్రమాదాన్ని బంధుమిత్రులకు తెలపాలని, రోగికి మాత్రం తప్పనిసరి అయితేనే చెప్పాలని నిర్దేశించింది. వైద్యుని మాటే ఆయుష్షును తగ్గించగలదన్న భావన రెండు వేల ఏళ్ల పాటు తూర్పు పడమరల ఉమ్మడి ఆస్తి.

ఆ మౌనాన్ని రోగి వైపు నుంచి చూపే అరుదైన పత్రం ఆంగ్ల నవలా రచయిత్రి ఫ్యానీ బర్నీ లేఖ. 1811 సెప్టెంబరు 30న పారిస్‌లో మత్తుమందు లేకుండా ఆమె రొమ్మును తొలగించారు. శస్త్రచికిత్స ఆనాడేనని ఆమెకు తెలిసింది రెండు గంటల ముందు మాత్రమే. సోదరికి ఆ అనుభవాన్ని వివరిస్తూ రాసిన లేఖ పూర్తిచేయడానికి నెలలు పట్టింది. రాసినదాన్ని తిరిగి చదువుకోవడం కూడ ఆమెకు దుర్భరమయింది. ఆ తరువాత ఆమె 1840 వరకు జీవించింది. శరీరం కోలుకోవడానికి పట్టిన కాలం, మనసు కోలుకోవడానికి పట్టిన కాలం ఒకటి కావని ఈ లేఖ చరిత్రే చెబుతుంది.

3. పద్దెనిమిదేళ్లలో తలకిందులైన వైఖరి

1961లో షికాగోలోని ఒక ఆసుపత్రికి చెందిన 219 మంది వైద్యులను డోనాల్డ్ ఓకెన్ ప్రశ్నించాడు. క్యాన్సర్ అని రోగికి చెప్పకపోవడమే తమ పద్ధతి అన్నవారు సుమారు 90 శాతం. రోగి ఆశ చెదరకూడదన్నది వారి ప్రధాన కారణం. ఈ వాదం తెలుగు ఇళ్లలో నేటికీ వినిపించేదే. 1979లో నోవాక్ బృందం ఇటువంటి ప్రశ్నలతోనే మరొక సర్వే జరిపింది. ఈసారి 97 శాతం చెప్పడానికే మొగ్గు చూపారు.

పద్దెనిమిదేళ్లలో ఒక జాతి స్వభావం మారదు. మారినవి పరిస్థితులు. కీమోథెరపీ, రేడియేషన్ చికిత్సలు మెరుగుపడ్డాయి. దీర్ఘకాలిక చికిత్సకు, ప్రయోగాత్మక ఔషధాలకు రోగి సమ్మతి అవసరమయింది. పేరు చెప్పకుండా సమ్మతి తీసుకోవడం కుదరదు. 1969లో ఎలిజబెత్ కూబ్లర్-రాస్ మరణాసన్నులతో జరిపిన సంభాషణల ఆధారంగా నిరాకరణ, కోపం, బేరసారం, కుంగుబాటు, అంగీకారం అనే అయిదు దశలను ప్రతిపాదించింది. ఆమె ఆ సంభాషణలు జరిపింది కూడ షికాగోలోనే. 1974లో అమెరికా అధ్యక్షుని భార్య బెటీ ఫోర్డ్ తన రొమ్ము క్యాన్సర్‌ను దాచక బహిరంగపరిచింది. 1977లో న్యూయార్క్‌లోని స్లోన్-కెటరింగ్ ఆసుపత్రిలో జిమ్మీ హాలండ్ క్యాన్సర్ రోగుల కోసం మనోవైద్య విభాగాన్ని ప్రారంభించింది. ఇది తరువాత ఒక ప్రత్యేక శాస్త్రశాఖగా విస్తరించింది.

4. పోరాటమనే కొత్త విధి

మౌనం తొలగిన చోట మరొక విధి వచ్చి చేరింది. రోగి పోరాడాలి, ధైర్యంగా ఉండాలి, నవ్వుతూ ఉండాలి. దీనికి శాస్త్రీయ బలాన్నిచ్చినది 1979లో లండన్‌లో స్టీవెన్ గ్రీర్ బృందం ప్రచురించిన అధ్యయనం. 69 మంది రొమ్ము క్యాన్సర్ రోగులను అయిదేళ్లు పరిశీలించి, 'పోరాట స్ఫూర్తి' చూపినవారిలో వ్యాధి తిరగబెట్టకపోవడం ఎక్కువని ఆ బృందం పేర్కొంది. అదే అధ్యయనంలో వ్యాధిని నిరాకరించినవారికి కూడ ఫలితాలు మెరుగ్గానే ఉన్నాయి. విచిత్రమేమంటే లోకం మొదటిదాన్ని నినాదం చేసుకుని, రెండవదాన్ని మరచిపోయింది. తనకేమీ లేదన్నట్టుగా వంటపనిలో మునిగిపోయే ఇల్లాలిని ఏ ప్రచారపత్రమూ వీరవనిత అనలేదు.

1999లో మ్యాగీ వాట్సన్ బృందం 578 మందిపై జరిపిన పరిశీలనలో పోరాట స్ఫూర్తికి, ఆయుష్షుకు సంబంధం కనబడలేదు. ఆ బృందంలో గ్రీర్ కూడ ఉన్నాడు. తీవ్రమైన నిస్సహాయత, కుంగుబాటు ఉన్నవారి స్థితి మాత్రం అధ్వానంగా ఉంది. ఈ రెండింటినీ కలిపి చదవాలి. దుఃఖించడం రోగి తప్పు కాదు. ఆ దుఃఖం నిస్సహాయతగా గడ్డకట్టకుండా చూడడం చికిత్సలో భాగం కావాలి, రోగి మీద మోపిన పరీక్ష కారాదు. వ్యాధిని యుద్ధంతోను, రోగి స్వభావంతోను ముడిపెట్టే ఉపమానాలను సుసాన్ సొంటాగ్ 1978లోనే ఖండించింది. స్వయంగా ఆ చికిత్స పొందిన రచయిత్రి ఆమె. కూబ్లర్-రాస్ దశలకు పట్టిన గతి కూడ ఇటువంటిదే. అవి వర్ణనలుగా పుట్టి, రోగి వరుసగా ఎక్కవలసిన మెట్లుగా ప్రచారమయ్యాయి.

5. తెలుగునాట: తెర మీద, తెర వెలుపల

హైదరాబాదులో 1955లో ఏర్పడిన ఆసుపత్రి నేడు మెహదీ నవాజ్ జంగ్ పేర ఉంది. 'క్యాన్సర్ ఆసుపత్రి' అనే వాడుక స్థిరపడ్డాక దాపరికం ఒక వింత పరిస్థితిలో పడింది. గేటు మీద బోర్డు చదవగలిగిన రోగి దగ్గర పేరు దాచడమెలా? తెలిసీ తెలియనట్టు నటించే రోగి, తెలియలేదనుకుని నటించే బంధువులు, ఇద్దరూ ఒకరి కోసం ఒకరు మోసే ఒంటరితనం ఇది. రోగి అడిగినప్పుడు అన్న మాటను చరకుడు విధిలో చేర్చాడు. మన ఇళ్లలో ఆ అడగడానికే చోటు ఉండదు. ఇక్కడ సంప్రదాయం కన్న ఇల్లే కఠినం.

సినిమా ఈ దాపరికాన్ని ప్రేమకు పరాకాష్ఠగా చూపింది. దాసరి నారాయణరావు దర్శకత్వంలో 1981లో వచ్చిన 'ప్రేమాభిషేకం'లో అక్కినేని నాగేశ్వరరావు పోషించిన నాయకుడు, తనకు క్యాన్సర్ అని తెలిశాక ప్రియురాలికి చెప్పడు. ఆమె తనను అసహ్యించుకుని మరొకరిని పెళ్లాడేందుకు చెడ్డవాడుగా నటిస్తాడు. ఇళ్లలో బంధువులు రోగి నుంచి దాస్తే, ఇక్కడ రోగి ఆత్మీయుల నుంచి దాస్తాడు. దిశ మారినా సూత్రం ఒకటే: ప్రేమించేవాడు చెప్పడు. 'దేవదాసు' నుంచి ప్రేక్షకులు ఆ నటుని ముఖంలో చూడడానికి అలవాటుపడిన మౌన విషాదం ఈ చిత్ర విజయానికి తోడ్పడిందనవచ్చు. 1989 నాటి 'గీతాంజలి'లో నాయికా నాయకులిద్దరూ తమ ఆయుష్షు తక్కువని తెలిసే జీవిస్తారు. ఎనిమిదేళ్లలో తెలుగు తెర కొంత దూరం నడిచింది. ఆ నాయకుడు నాగేశ్వరరావు కుమారుడు నాగార్జున.

2000లో హైదరాబాదులో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి, క్యాన్సర్‌తో మరణించిన ఎన్.టి. రామారావు సతీమణి పేరును ధరించింది. ఒక కుటుంబ దుఃఖం ఈ విధంగా బహిరంగ నామమయింది.

2013 అక్టోబరులో, తొంభై ఏళ్లకు చేరువైన నాగేశ్వరరావు పత్రికా సమావేశం ఏర్పాటు చేసి, తనకు క్యాన్సర్ సోకిందని తానే ప్రకటించారు. ముప్పై రెండేళ్ల క్రితం తెరమీద దాచిన మాట అది. చెప్పిన తరువాత ఆయన పని మానలేదు. కుమారుడు, మనుమలతో కలిసి నటిస్తున్న 'మనం'లో తన పాత్రను పూర్తిచేశారు. 2014 జనవరి 22న మరణించారు. ఆ చిత్రం మే 23న విడుదలయింది.