వాదం నేర్పిన ఆటలు: విశాఖ సీమలో తర్కశిక్షణ పరిణామం

కౌమార దశలోని విద్యార్థికి వాదనా పటిమ అలవడాలంటే పాఠం చెబితే సరిపోదని, నియమాలతో కూడిన ఆట ఒకటి ఉండాలని ప్రాచీన విద్యావిధానాలు చాలావరకు గ్రహించాయి. రోమన్ గురువులు కల్పిత వ్యాజ్యం ఒకటి ఇచ్చి, ఒకే విద్యార్థి చేత ఇరుపక్షాల వాదనలూ చెప్పించేవారు. తెలుగు నేలపై ఈ శిక్షణ శాస్త్రచర్చగా, సాహిత్యక్రీడగా రెండు పాయలుగా సాగింది.

శాస్త్రచర్చకు మూలం గౌతముని న్యాయసూత్రాలు. అవి చర్చను మూడు విధాలుగా విభజించాయి: సత్యాన్ని తేల్చుకోవడానికి జరిగేది వాదం, గెలుపే లక్ష్యంగా సాగేది జల్పం, తన పక్షమేదీ నిలపకుండా ఎదుటివాడి మాటను ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండ. ఏ వాదానికైనా అయిదు అవయవాలు ఉండాలని కూడా ఆ శాస్త్రం నిర్దేశించింది. చెప్పదలచిన విషయం ప్రతిజ్ఞ, దానికి కారణం హేతువు, ఆ కారణం మరొకచోట నిజమైన తీరు ఉదాహరణ, దాన్ని ప్రస్తుత విషయానికి అన్వయించడం ఉపనయం, చివరికి తేల్చిన మాట నిగమనం. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం ఈ శాస్త్రాన్ని తొలిమెట్టు మీది విద్యార్థికి అందించింది. నేటికీ సంస్కృత పాఠశాలల్లో తర్కం ఆ గ్రంథంతోనే మొదలవుతుంది.

సాహిత్యక్రీడల్లో, పలువురు అడిగేవాటికి ఆశువుగా పద్యాలు చెప్పే అవధానం తలమానికం. దీన్ని ధారణాశక్తి ప్రదర్శనగా మాత్రమే చూడడం పరిపాటి అయింది గాని, అందులోని అంశాలు వాదశిక్షణకు సాటిలేని సాధనాలు. నిషిద్ధాక్షరినే తీసుకుంటే, అవధాని పద్యం చెబుతూ 'రా' అనగానే తరువాత 'ముడు' రాబోతున్నదని ఊహించి పృచ్ఛకుడు, అంటే ప్రశ్నించేవాడు, 'ము'ను నిషేధిస్తాడు. ఛందస్సు ఒప్పుకుంటే అవధాని 'ఘవుడు' అంటూ మరోదారిన అదే అర్థాన్ని సాధిస్తాడు. ఎదుటివాడి ఆక్షేపణను ముందే పసిగట్టి, ప్రత్యామ్నాయాన్ని సిద్ధంగా ఉంచుకోవడం ఇక్కడ అవసరమవుతుంది. అసంబద్ధంగా తోచే చివరి పాదం ఒకటి ఇచ్చి, దానికి తక్కిన మూడు పాదాలతో ఔచిత్యం కల్పించమనే సమస్యాపూరణం మరో మెట్టు పైది. ఈ అంశాలన్నిటికీ ప్రాణం ఒకే నియమం: ఎదుటివాడు ఏమన్నాడో వినకుండా ఇందులో ఒక్క అడుగు కూడా ముందుకు వేయడం సాధ్యం కాదు.

ఆంగ్ల విద్యతో మరో ఆట ప్రవేశించింది. ఒక ప్రతిపాదనకు అనుకూలంగా, ప్రతికూలంగా వంతులవారీగా మాట్లాడే చర్చాసంఘాలు 19వ శతాబ్దం చివరినాటికి కళాశాలల చుట్టూ వెలిశాయి. నాటి విశాఖపట్నం జిల్లాలో భాగమైన విజయనగరంలోని ఆనందగజపతి డిబేటింగ్ క్లబ్బుకు 1889లో గురజాడ అప్పారావు ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. ఈ కొత్త విద్యలోని ప్రమాదాన్ని కూడా అందరికంటె నిశితంగా చూపినవాడు ఆయనే. ఆయన నాటకం కన్యాశుల్కంలో గిరీశం చుట్ట కాల్చడానికి కూడా పురాణం నుంచి ప్రమాణం తెస్తాడు. ఎవరి ముందు ఏ పక్షం లాభిస్తుందో ఆ పక్షం పలుకుతాడు. ఆ విద్యనే శిష్యుడు వెంకటేశానికి పంచుతాడు. జల్పం వాదం వేషం వేసుకుంటే కుర్రవాళ్లు ఎలా తయారవుతారో చెప్పడానికి తెలుగులో ఇంతకు మించిన పాఠ్యం లేదు.

పిల్లవాడు ఏ భాషలో వాదించాలన్న ప్రశ్న కూడా ఈ సీమలోనే పుట్టింది. 1906లో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్, విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గురజాడ, గిడుగు రామమూర్తి కలిసి బోధనా సంస్కరణకు పూనుకోగా, అది వ్యావహారిక భాషోద్యమంగా పరిణమించింది. తలలో మెదిలే భాష ఒకటి, నోట పలకవలసిన భాష మరొకటి అయినప్పుడు విద్యార్థి హేతువు వెతకడం మాని పదం వెతుక్కుంటాడని వారి కృషిని బట్టి గ్రహించవచ్చు.

కేంబ్రిడ్జి యూనియన్ చర్చాసభలో పేరుగాంచిన కట్టమంచి రామలింగారెడ్డి ఉపకులపతిగా ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరులో ఎదిగింది. అయినా పాఠశాలల్లో స్థిరపడింది మాత్రం పంద్రాగస్టు వక్తృత్వపు పోటీయే. పెద్దలు రాసిచ్చిన ఉపన్యాసాన్ని కంఠస్థం చేసి, గడియారం చూసుకుంటూ అప్పగించే ఈ పోటీలో ఎదుటివాడన్నవాడే లేడు. 1966–67లో ఢిల్లీ పాఠశాలల్లో మొదలై 1988లో దేశమంతటి కేంద్రీయ విద్యాలయాలకు విస్తరించిన యువజన పార్లమెంటు పోటీ ఈ లోపాన్ని కొంత తీర్చింది గాని, అక్కడ కూడా ప్రశ్న, జవాబు రెండూ ముందే రాసుకుని వల్లెవేయడం తరచుగా కనిపిస్తుంది.

తరగతిలో అసలైన వాదం నడపాలంటే విశాఖ ఉపాధ్యాయుడు చర్చాంశం కోసం దూరం పోనక్కరలేదు. 1966లో ఉక్కు కర్మాగారం కోసం విద్యార్థులు వీధుల్లోకి వచ్చి 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అన్నారు. 1971లో శంకుస్థాపన జరిగిన ఆ కర్మాగారంలో ప్రభుత్వ వాటాను పూర్తిగా ఉపసంహరించుకోవడానికి 2021లో కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదించింది. ఆ నినాదం తర్కపరిభాషలో ప్రతిజ్ఞ మాత్రమే. తరగతిని జట్లుగా చేసి, ఒక జట్టు చేత హేతువును (రేవు పక్కనే ఉండడం, 1965లో నిపుణుల బృందం ఈ స్థలాన్నే మెచ్చడం), ఇంకొక జట్టు చేత ఉదాహరణను, మరొక జట్టు చేత అన్వయాన్ని చెప్పించి, ప్రతిపక్షానికి ఏ మెట్టునైనా నిషేధించే హక్కు ఇస్తే, నిషిద్ధాక్షరి నియమం, న్యాయశాస్త్ర క్రమం ఒకే గంటలో కలిసి పనిచేస్తాయి. ఎదుటివాడి మాటను అతడు ఒప్పుకునేలా తిరిగి చెప్పిన తరువాతే జవాబివ్వాలన్న షరతు చేరిస్తే వితండకు తావుండదు. మరునాడు పక్షాలు మార్చవచ్చు.

వినడం, ఆలోచించి మాట్లాడడం అనేవి తెలుగు వాచకాల్లో అభ్యాసాలుగా ఉన్నా, పదో తరగతి పబ్లిక్ పరీక్ష రాతపరీక్షే కావడంతో వాటికి అక్కడ మార్కులు లేవు. మార్కుల కోసం ఎదురుచూడకుండా, వారానికి ఒక పీరియడ్ అయినా ఈ ఆటకు కేటాయించవలసిన బాధ్యత తెలుగు ఉపాధ్యాయులది, అందుకు వీలు కల్పించవలసిన బాధ్యత ప్రధానోపాధ్యాయులది.