ఎమ్మెల్యే గారు మనకి ఉత్తరం ఎందుకు రాయరు?

ఎన్నికలప్పుడు గడపగడపకీ తిరిగిన ఎమ్మెల్యే, గెలిచాక అసెంబ్లీలో ఏం అడిగాడో, ప్రభుత్వం ఏం జవాబు చెప్పిందో ఓట్లేసిన వాళ్ళకి చెప్పాలా వద్దా? చెప్పాల్సిందే అంటాం అందరం. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇది కొత్త కాదు. అక్కడ చాలామంది రాష్ట్ర శాసనసభ్యులు తమ జిల్లా వాళ్ళకి న్యూస్‌లెటర్లు పంపుతారు.. ఫలానా శాఖ ఆడిట్‌లో ఇది తేలింది, మన వంతెనకి నిధులొచ్చాయి అంటూ. మన దగ్గర మాత్రం పుట్టినరోజు ఫ్లెక్సీలే ఎక్కువ. దీనికి బద్ధకం ఒక కారణం, నిజమే. కానీ దీని వెనక కొంచెం కోర్టుల చరిత్ర కూడా ఉంది. అది మన వాళ్ళకి పెద్దగా తెలీదు.

పశ్చిమ బెంగాల్ అసెంబ్లీలో డాక్టర్ జతీశ్ చంద్ర ఘోష్ అని ఒక సభ్యుడు ఉండేవాడు. ఒక సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు వ్యవహారం మీద సభలో కొన్ని ప్రశ్నలు అడుగుతానని నోటీసు ఇచ్చాడు. నిబంధనల ప్రకారం వాటిని అనుమతించలేదు. ఆయన ఊరుకోలేదు. 1954 ఫిబ్రవరిలో అవే ప్రశ్నల్ని 'జనమత్' అనే స్థానిక పత్రికలో అచ్చు వేయించాడు. ఆ అధికారి పరువునష్టం కేసు పెట్టాడు. నేను శాసనసభ్యుణ్ణి, రాజ్యాంగం 194వ అధికరణం నాకు రక్షణ ఇస్తుంది అన్నాడు ఘోష్. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1961లో కోర్టు చెప్పింది ఏంటంటే.. సభలో మాట్లాడిన మాటకి, సభ అనుమతితో అచ్చయిన కాగితానికి పూర్తి రక్షణ ఉంది. సభ్యుడు తనంతట తాను బయట వేసుకున్న దానికి లేదు. కేసు ఎదుర్కోవాల్సిందే. శిక్షా స్మృతి 499వ సెక్షన్‌లో మినహాయింపులు ఏవైనా వర్తిస్తే అవి వాదించుకోవచ్చు, అంతే.

ఇక్కడ అధికారి వైపు కూడా ఒకసారి చూడాలి. సభలో తన మీద ఏం అన్నా ఆయన లేచి జవాబు చెప్పలేడు. ఆ పైన సభ వద్దన్న ఆరోపణలు కూడా ఊరంతా అచ్చులో తిరిగితే? కాబట్టి తీర్పు పూర్తిగా అన్యాయం అని నేను అనను.

ఇంతకీ ఈ రూలు మనం కనిపెట్టింది కాదు. మన రాజ్యాంగం సభా హక్కుల విషయంలో బ్రిటిష్ కామన్స్ సభని కొలబద్దగా తీసుకుంది. అక్కడ 1813లో థామస్ క్రీవీ అనే ఎంపీ కేసు జరిగింది. ఆయన సభలో ఒక పన్నుల అధికారి గురించి మాట్లాడాడు. పత్రికల్లో ఆ ప్రసంగం తప్పుల తడకగా వచ్చింది. సరిచేసిన ప్రతిని ఆయనే ఒక లివర్‌పూల్ పత్రికకి పంపాడు. దానికి వంద పౌండ్ల జరిమానా పడింది! సభలో అంటే తప్పు లేదు, అదే మాట సరిగ్గా అచ్చు వేయిస్తే నేరం.

అమెరికాలో గొడవ ఇంకా ముందే మొదలైంది. తొలి రోజుల్లో దక్షిణాది కాంగ్రెస్ సభ్యులు సమావేశాలు అయ్యాక తమ నియోజకవర్గానికి సర్క్యులర్ లెటర్లు అచ్చు వేయించి పంపేవాళ్ళు. 1797లో రిచ్‌మండ్‌లో ఒక ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ, వర్జీనియా సభ్యుడు శామ్యూల్ కాబెల్ రాసిన ఉత్తరాలు ప్రభుత్వం మీద నిరాధారమైన నిందలు వేస్తున్నాయని తప్పు పట్టింది. కాబెల్ అప్పటి ఉపాధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఉండే ప్రాంతానికే ప్రతినిధి. జెఫర్సన్ తన పేరు బయటికి రాకుండా వర్జీనియా శాసనసభకి ఒక పిటిషన్ రాసిపెట్టాడు. ప్రజలకీ వాళ్ళ ప్రతినిధికీ మధ్య నడిచే మాటల్లోకి కోర్టులు దూరకూడదు అన్నది దాని సారాంశం. కాబెల్ మీద విచారణ జరగలేదు.

మరి అమెరికాలో అప్పటితో తేలిపోయిందా అంటే, లేదు. విస్కాన్సిన్ సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్ 1975లో ప్రభుత్వ దుబారాకి 'గోల్డెన్ ఫ్లీస్' అని ఒక వెటకారపు అవార్డు మొదలుపెట్టాడు. కోతులు కోపమొస్తే దవడలు ఎలా బిగిస్తాయి అన్న పరిశోధనకి డబ్బిచ్చిన సంస్థలకి కూడా ఒకటి ఇచ్చాడు. ఆ సంగతి సభలోనూ చెప్పాడు, తన న్యూస్‌లెటర్లోనూ రాశాడు. ఆ పరిశోధకుడు రోనాల్డ్ హచిన్సన్ కోర్టుకెక్కాడు. 1979లో అమెరికా సుప్రీంకోర్టు కూడా మన ఘోష్ కేసులో చెప్పిందే చెప్పింది.. ప్రసంగానికి రక్షణ ఉంది, న్యూస్‌లెటర్‌కి లేదు. చివరికి ప్రాక్స్‌మైర్ పదివేల డాలర్లిచ్చి రాజీ చేసుకున్నాడు.

అయినా అమెరికాలో న్యూస్‌లెటర్లు ఆగలేదు. నాకు ముఖ్యంగా కనిపించేది ఇదే. అక్కడా చట్టం సభ గుమ్మం దగ్గరే ఆగిపోయింది, కానీ అలవాటు ఆగలేదు. మన దగ్గర అలవాటే మొదలవలేదు.

నిజానికి మనకి ఒక మంచి దారి కూడా ఉంది. 1956లో ఫిరోజ్ గాంధీ చొరవతో పార్లమెంటు చర్చల్ని పత్రికలు ఉన్నదున్నట్టుగా వేస్తే కేసులు లేకుండా ఒక చట్టం వచ్చింది. మరుసటి ఏడాదే ఆయన ఎల్ఐసీ డబ్బు ముంధ్రా కంపెనీల్లో పెట్టిన సంగతి లోక్‌సభలో బయటపెడితే, 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయాల్సొచ్చింది. ఎమర్జెన్సీలో, 1976లో, ఆ చట్టాన్ని రద్దు చేశారు. అప్పుడు ప్రధాని ఆయన భార్య ఇందిరాగాంధీయే. 1977లో జనతా ప్రభుత్వం మళ్ళీ తెచ్చింది. 1978లో 44వ సవరణతో 361ఎ అధికరణంగా రాజ్యాంగంలోకే ఎక్కించారు, ఈసారి రాష్ట్ర శాసనసభల్ని కూడా కలిపి. దురుద్దేశం లేకుండా, సభలో జరిగింది జరిగినట్టు పత్రికలో వేస్తే ఎవరి మీదా కేసు నిలవదు. అనుమతి దొరకని ఘోష్ ప్రశ్నల్లాంటివి దీని కిందకి రావు కానీ, సభలో అడిగిన ప్రశ్నలూ మంత్రుల జవాబులూ వస్తాయి.

కాబట్టి ఎమ్మెల్యే గారు ఎవరి మీదా నిందలు వేయక్కర్లేదు. ఈ సమావేశాల్లో నేను అడిగినవి ఇవి, మంత్రి గారు ఇచ్చిన జవాబులు ఇవి, కాగ్ రిపోర్టులో మన జిల్లా గురించి ఉన్నది ఇది, మన చెరువు సంగతి ఇంకా తేలలేదు.. ఒక్క పేజీ. సభలో ఎన్ని రోజులు కూర్చున్నాడో కూడా అందులో వేస్తే ఇంకా మంచిది. వారం వారం క్లయింటుకి స్టేటస్ రిపోర్టు పంపే మనకి అదెంత పనో తెలుసు, అరగంట. అడగాల్సింది మనమే. అడిగినా రాలేదంటే, ఆ పేజీలో రాయడానికి ఏమీ లేదని అర్థం చేసుకోవచ్చు.