ఎనిమిది మంది బాలురతో మొదలైన ఇంజనీరింగు కళాశాల

1794వ సంవత్సరము మే 17వ తేదీన మద్రాసులో ఒక చిన్న పాఠశాల ప్రారంభమైనది. అందులో చేరినవారు ఎనిమిది మంది బాలురు. వారందరు అనాథ శరణాలయమునుండి వచ్చినవారు. వారికి నేర్పదలచిన విద్య భూమిని కొలుచుట. ఆ పాఠశాలయే కాలక్రమమున గిండీ ఇంజనీరింగు కళాశాలగా పెరిగినది. ఐరోపాకు వెలుపల నెలకొన్న అతి ప్రాచీన సాంకేతిక విద్యాలయములలో ఇది ఒకటి. దీని చరిత్ర యందు ఒక ప్రశ్న మొదటినుండి చివరివరకు కనబడును. కొలతలు తీయువాడు అంతటితో ఆగవలసినదేనా, లేక కట్టడమునకు తానే రూపకల్పన చేయగలడా? దీనికి పూర్తి సమాధానము దొరకుటకు నూట ఏబది సంవత్సరములకు పైగా పట్టినది.

ఈ పాఠశాలను తలపెట్టినవాడు మైకేల్ టాపింగ్. ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువులో ఖగోళజ్ఞుడు, సర్వేయరు. 1792లో నుంగంబాకమునందు వెలసిన మద్రాసు నక్షత్రశాల ఆయన ఆధ్వర్యముననే నిర్మింపబడినది. ఆ రోజులలో ఉత్తర సర్కారులు తీవ్రమైన కరవునకు గురియైనవి. కృష్ణా గోదావరుల నీరు ప్రక్కనుండియే సముద్రములోనికి పోవుచుండగా ఒడ్డునగల పొలములు ఎండిపోయినవి. ఆ నీటిని మళ్ళించుటకు వీలున్నదా అని తెలిసికొనుటకై టాపింగ్ ఆ ప్రాంతమున మట్టములు తీసినాడు. నీరు పల్లమెరుగునన్నమాట నిజమే. కాని పల్లమెక్కడ, ఎంత అన్నది మనుష్యుడు కొలిచి తెలిసికొనవలెను. మైలుకు కొద్ది అంగుళముల తేడా వచ్చినను కాలువలో నీరు నిలిచిపోవును, లేదా గట్టును కోసివేయును. ఇట్టి పనికి శిక్షణ పొందినవారు అనేకులు కావలెను. అందరిని ఇంగ్లండునుండి రప్పించుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని. అందుచేత మద్రాసులోని బాలురకే ఈ విద్య నేర్పవలెనని టాపింగ్ సూచించినాడు. పాఠశాల వెలసిన రెండేండ్లకే, 1796లో, ఆయన మచిలీపట్నమున జ్వరముతో మరణించినాడు. అటుపిమ్మట జాన్ గోల్డింగ్‌హామ్ ఆ పాఠశాల భారమును వహించినాడు.

గొలుసుతో దూరమును కొలుచుట, పరికరములతో కోణమును కనుగొనుట, లెక్క కట్టి పటము గీయుట, ఇవి ఆ బాలుర ముఖ్య పాఠములు. ఈ విద్య విలువ ఎంతటిదో 1802లో తెలియవచ్చినది. ఆ ఏట విలియం లాంబ్టన్ పరంగిమల సమీపమున సుమారు ఏడున్నర మైళ్ళ పొడవుగల ఆధార రేఖను నూరడుగుల ఉక్కు గొలుసుతో కొలిపించినాడు. దానికి 57 రోజులు పట్టినది. ఇంత ఓపిక ఎందులకు? త్రిభుజములో ఒక భుజము, దాని రెండు చివరల నుండు కోణములు తెలిసినచో మిగిలిన రెండు భుజములను లెక్కించి చెప్పవచ్చును. ఆ భుజములు ఆధారముగా క్రొత్త త్రిభుజములను ఏర్పరచవచ్చును. ఈ విధముగా కొండనుండి కొండకు కోణములు కొలుచుకొనుచు పోయినచో నేలమీద గొలుసు లాగు శ్రమ చాలవరకు తప్పును. కాని మొదటి భుజములో పొరపాటు దొరలినచో అది తరువాతి త్రిభుజములన్నిటికి సంక్రమించును. లాంబ్టన్‌కు తోడ్పడినవారిలో జాషువా డి పెనింగ్ ఒకడు. అతడు ఆ సర్వే పాఠశాలలో చదివిన బాలుడే. దేశమంతట వ్యాపించిన ఆ మహా సర్వేలో అతడు పెక్కు సంవత్సరములు పనిచేసినాడు. అయినను అతని వంటివారి హోదా సహాయకుల హోదాయే.

కొలిచినంత మాత్రమున పొలమునకు నీరు రాదు. టాపింగ్ మట్టములు తీసిన పిదప అర్ధ శతాబ్దము వరకు గోదావరిపై ఆనకట్ట లేవలేదు. ఈ మధ్యకాలముననే, 1833లో, గుంటూరు ప్రాంతమున భయంకరమైన కరవు వచ్చి అసంఖ్యాకులు ప్రాణములు కోల్పోయినారు. తుదకు ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో ధవళేశ్వరమున పని మొదలై 1852లో ముగిసినది. 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణకును ఆనకట్ట సిద్ధమైనది. ఆనకట్టతోపాటు కాలువలు, తూములు, లాకులు, వంతెనలు కావలసివచ్చినవి. వీటిని కట్టుటకును, ఏటేట కాపాడుటకును భూమి కొలుచు విద్య ఒక్కటే చాలదు. గోడ ఎంత నీటి ఒత్తిడిని భరించునో, పునాది క్రింద నేల ఎట్టిదో తెలియవలెను. ఈ అవసరముననుసరించి పాత సర్వే పాఠశాల 1859లో సివిల్ ఇంజనీరింగు కళాశాలగా మారినది.

కళాశాల ఏర్పడినను పై మెట్లు సులభముగా అందలేదు. 1871లో లండను సమీపమున కూపర్స్ హిల్ అనుచోట ప్రత్యేకముగా ఇండియా కొరకు ఒక ఇంజనీరింగు కళాశాలను తెరచినారు. 1906లో అది మూతపడువరకు ఉన్నతోద్యోగములలో అధికభాగము అచ్చట చదివినవారికి లభించినది. మద్రాసు విద్యార్థులకు ఎక్కువగా దక్కినవి క్రింది పదవులు.

అయినను కాలముతోపాటు చదువు విస్తరించినది. రైళ్ళు, మిల్లులు పెరిగిన రోజులలో, 1894లో, మెకానికల్ ఇంజనీరింగు ప్రవేశించినది. 1920లో కళాశాల గిండీలోని విశాలమైన ఆవరణకు తరలినది. నీలగిరులలోని పైకారా జలవిద్యుత్కేంద్రము 1932లో పనిచేయ నారంభించినది. ఇంచుమించు ఆ కాలముననే గిండీలో విద్యుచ్ఛక్తి శాఖ ఏర్పడినది. 1945లో టెలికమ్యూనికేషను, రహదారుల నిర్మాణము పాఠ్యాంశములైనవి.

విద్యుచ్ఛక్తి శాఖలో ఆచార్యులుగానుండిన పప్పు సుబ్బారావుగారి కుమార్తె అయ్యలసోమయాజుల లలిత. ఆమె పదునెనిమిదవ ఏటనే భర్తను కోల్పోయినది. చేతిలో పసిబిడ్డ. అట్టి స్థితిలో ఆమె ఇంజనీరింగు చదువ నిశ్చయించుకొన్నది. అంతవరకు అందరు పురుషులే చదివిన ఆ కళాశాలలో ఆమెకును, పి. కె. త్రేసియా, లీలమ్మ జార్జి అను మరి ఇద్దరికిని ప్రవేశము లభించినది. పట్టములపై అచ్చువేసిన ‘అతడు’ అను మాటను కొట్టివేసి ‘ఆమె’ అని చేతితో వ్రాసి ఇవ్వవలసివచ్చినది. లలిత 1943లో చదువు ముగించి, తరువాత భాక్రానంగల్ ప్రాజెక్టునకు సంబంధించిన విద్యుత్ పనులలో పాల్గొన్నది.

తెలుగు జిల్లాల ఇంజనీరింగు కళాశాలలతోను గిండీకి సంబంధము కలదు. 1946లో ఏర్పడిన అనంతపురపు కళాశాల మొదట గిండీ ఆవరణలోనే నడచి, 1948లో అనంతపురమునకు చేరినది. ఆ 1946లోనే విశాఖపట్టణమున మొదలైన మరియొక కళాశాల పిమ్మట కాకినాడకు మారినది. ఈ రెండును 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయములో చేరినవి. గిండీ కళాశాల 1978లో, నేడు అన్నా విశ్వవిద్యాలయముగా పిలువబడుచున్న సంస్థలో అంతర్భాగమైనది.

మొదటి ప్రశ్నకు సమాధానము మరల కృష్ణానది యొడ్డుననే కనబడినది. కృష్ణాజిల్లా కంకిపాడులో 1902లో పుట్టిన కానూరి లక్ష్మణరావు గిండీలో ఇంజనీరింగు చదివినారు. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఆనకట్ట రూపకల్పనలో ఆయన ప్రముఖపాత్ర వహించినారు. ఆనకట్ట ఎత్తు 409 అడుగులు. సిమెంటు, పెద్ద యంత్రములు కొరతగానుండిన ఆ రోజులలో చేరువనే రాయి కలదు, పనిచేయు చేతులు కలవు. అందుచేత దానిని రాతితో కట్టినారు. 1967లో కాలువలకు నీరు విడుదలయైనది. టాపింగ్ నాడు కృష్ణా తీరమున కొలతలు తీయుటకు సహాయకులు కావలసి బడి పెట్టినాడు. ఆ బడి వారసత్వమున చదివిన విద్యార్థి ఆ నదిపైననే ఆనకట్టకు రూపమిచ్చినాడు. నేడు ఉన్నత పాఠశాలలో త్రిభుజమును గీయు విద్యార్థి చేతిలోనున్నది ఈ రెండు పనులకును మొదటి పాఠమే.